ఉద్యోగమధ్యమున విద్యాభ్యాసము

సూరత్ నగరమునుండి హజీరా రేవునకు పోవు రాజమార్గముపై ఇచ్ఛాపూర్ అను ఊరున్నది. తపతీనది సముద్రమున గలియు చోటు దీనికి ఎంతో దూరము కాదు. 1980వ దశకమునుండి ఈ పరిసరములయందు సహజవాయువును శుద్ధిచేయు కేంద్రము, ఎరువుల కర్మాగారము, కవాసు విద్యుత్కేంద్రము మున్నగు భారీ పరిశ్రమలు ఒకదాని వెనుక నొకటి వెలయుటచే, దేశపు నలుమూలలనుండి ఉద్యోగులు కుటుంబములతో వచ్చి ఇచ్చట నివాసము లేర్పరచుకొనిరి. వారిలో తెలుగువారును గలరు. శ్రీకాకుళము జిల్లానుండి వచ్చినవారికి ఈ ఊరిపేరు వినగనే తమ యిచ్ఛాపురము జ్ఞప్తికి వచ్చుట సహజము.

సూరత్తునకును తెలుగు సీమకును గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. ఆంగ్లేయ వర్తకులు 1611లో మచిలీపట్టణమునను, తరువాత రెండేండ్లలోపల సూరత్తునను తమ వర్తకశాలలకు స్థానము సంపాదించుకొనిరి. పదునేడవ శతాబ్దమున గోల్కొండ మీదుగా ఈ రెండు రేవులను గలుపు బాట వర్తకులకు సుపరిచితము. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే సూరత్తునుండి గోల్కొండకు ప్రయాణము చేసి, ఆ దారి వివరములను తన యాత్రాగ్రంథమున పొందుపరచెను. ఆనాడు సరకు నడచిన దారిని ఈనాడు మనుష్యులు నడచుచున్నారు. తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలీలు సూరత్తులోని మరమగ్గములపై పనిచేయుచున్నారు. కేంద్రప్రభుత్వ శాఖలలోను, ప్రభుత్వరంగ సంస్థలలోను తెలుగు ఉద్యోగులు పనిచేయుచున్నారు.

ఇట్లు పొట్టకూటికై ఊరు విడిచిన కుటుంబములలో తరచుగా ఒక కథ వినవచ్చును. తండ్రి మరణించుటచేతనో, అప్పుల బాధచేతనో, ఇంటికి పెద్దకొడుకైనందుననో, ఒకడు బడి మాని పనిలో జేరును. పదియేండ్లు గడచిన పిదప పనియంతయు వానికి కరతలామలకమగును. కొత్తగా వచ్చినవారికి పని నేర్పువాడును వాడే. కాని పదోన్నతి వచ్చు దినమున అడుగబడునది పనితనము కాదు, ఒక కాగితము. ఆ కాగితమునకై నలుబదియేండ్ల వయస్సున పుస్తకము తెరచినవారి చరిత్ర తెలుగు జాతికి గర్వింపదగిన చరిత్ర. దానిని సంగ్రహముగా స్మరించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

పట్టాకు విలువ వచ్చిన విధము

పూర్వము మన దేశమున విద్యకు సాక్షి గురువే. ఫలానివారి శిష్యుడనుటయే యోగ్యతాపత్రము. సభలో నిలిచి వాదించి నెగ్గినవాడు పండితుడు. మగ్గముపై నేసి చూపినవాడు నేర్పరి. ఆంగ్లేయుల పరిపాలనలో ఈ పద్ధతి మారెను. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములయందు విశ్వవిద్యాలయములు స్థాపింపబడెను. వీని ముఖ్యకార్యము మొదట బోధన కాదు, పరీక్షలు జరిపి పట్టము లిచ్చుట. మెట్రిక్యులేషను, ఎఫ్.ఏ., బి.ఏ. అను మూడు మెట్లు ప్రభుత్వోద్యోగమునకు సోపానములాయెను.

ఈ మార్పువలన నష్టమును గలిగెను, లాభమును గలిగెను. నిజమైన విద్వాంసుడు కాగితము లేక వెనుకబడుట నష్టము. కాని కులము, కుటుంబము, పలుకుబడి అనువానితో నిమిత్తము లేక, ప్రశ్నపత్రమునకు సరిగా సమాధానము వ్రాసిన ప్రతివానికిని ఒకే మార్గమేర్పడుట లాభము. కళాశాలకు పోలేని యుపాధ్యాయుడు ఇంటివద్ద చదువుకొని పరీక్షకు గూర్చుండుటకు వీలు గలిగెను. దీనినే జనులు ‘ప్రైవేటుగా చదువుట’ యనిరి.

పర్లాకిమిడి యుపాధ్యాయుడు

ఈ మార్గమున నడచినవారిలో అగ్రగణ్యులు గిడుగు రామమూర్తి పంతులుగారు. వారు 1863లో జన్మించిరి. చిన్నతనముననే తండ్రిని గోల్పోయిరి. 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులై, మరుసటి సంవత్సరముననే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా చేరిరి. సంసారభారము మీదబడిన పదునేడేండ్ల యువకునకు కళాశాల విద్య అందని ఫలమే. కాని వారు పగలు పిల్లలకు పాఠములు చెప్పుచు, మిగిలిన వేళలయందు తాము చదువుకొనుచు, 1886లో ఎఫ్.ఏ. పరీక్షను గెలిచిరి. తరువాత పదియేండ్లకు, 1896లో, బి.ఏ. పరీక్షయందు ఉన్నత స్థానముతో ఉత్తీర్ణులైరి. మెట్రిక్యులేషనుకును పట్టభద్రత్వమునకును నడుమ గడచినవి పదునేడు సంవత్సరములు.

ఆ పదునేడు సంవత్సరములను చరిత్రకారులు ఒక్క వాక్యమున దాటిపోవుదురు. కాని ఉద్యోగము చేయుచు చదివినవారికి ఆ వాక్యము వెనుక నున్నదేమో తెలియును. ప్రతిరాత్రియు దీపము ముందు గూర్చుండుట, నిద్రతో పోరాడుట, తన విద్యార్థుల యీడువారితో గలసి పరీక్షాశాలలో గూర్చుండుట — ఇవి యన్నియు అందున్నవి. పట్టము పొందినందువలన వారికి కళాశాల తరగతులకు బోధించు నవకాశము లభించెను.

అయినను వారి కీర్తికి కారణము ఆ పట్టము కాదు. అడవులలోని సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును సమకూర్చుట, వ్యావహారిక భాషకై జీవితాంతము పోరాడుట వారి ఘనకార్యములు. సవరభాషా పుస్తకములకై ప్రభుత్వమువారు ఇవ్వజూపిన ధనమును వారు స్వీకరింపక, దానితో సవరలకు బడి పెట్టుడని కోరిరి. తాను కష్టపడి పొందిన విద్య ఇతరులకు సులభముగా అందవలెనను కోరిక అందు స్పష్టము. వారు పరీక్షలు వ్రాయు కాలమునకు పుట్టియైన నుండని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1938లో వారికి ‘కళాప్రపూర్ణ’ బిరుదమిచ్చి గౌరవించెను.

చెఱసాలలో పుట్టిన సంకల్పము

బడిని విడిచి మరల బడికి వచ్చినవారిలో దుర్గాబాయిగారి చరిత్రము మఱింత విశిష్టమైనది. వారు 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ యేటనే వివాహమాయెను. పండ్రెండేండ్ల వయస్సున, ఆంగ్లమాధ్యమమున విద్య గరపుటను నిరసించి, జాతీయోద్యమస్ఫూర్తితో పాఠశాలను విడిచిరి. హిందీ నేర్చుకొని, బాలికలకు హిందీ పాఠశాలను నెలకొల్పి తామే బోధించిరి. చదువు మానినవారు గారు. పరప్రభుత్వము చెప్పు చదువును మానినవారు.

1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని, 1933 లోపల పలుమార్లు కారాగారవాసము ననుభవించిరి. అచ్చట వారి కంటబడిన దృశ్యములు వారి జీవితగతిని మార్చెను. చేసిన నేరమేమో, పడిన శిక్ష యేమో తెలియని నిరుపేద స్త్రీలు ఆ చెఱసాలలో నుండిరి. తమ పక్షమున వాదించువారు లేక శిక్ష ననుభవించుచున్నవారు వారు. దుర్గాబాయిగారికి ధైర్యముండెను, వాక్పటిమ యుండెను, జనాదరణ యుండెను. కాని న్యాయస్థానమున ఆ స్త్రీల తరఫున నిలిచి మాటాడుటకు ఇవి యేవియు చాలవు. అందులకు న్యాయశాస్త్ర పట్టము కావలెను. పండ్రెండవ యేట తాము విడిచిన ద్వారమునే మరల తట్టవలసిన యవసర మేర్పడెను.

ఇందు వైరుధ్యమున్నదని కొందఱు తలపవచ్చును. అది సరికాదు. బడిని విడుచుటకు హేతువు స్వాభిమానము. బడికి మరలుటకు హేతువు పరుల కష్టము. రెండింటికిని మూలమొక్కటే.

విడుదలయైన పిదప వారు ఇరువదియైదేండ్ల ప్రాయమున ప్రాథమిక పాఠములనుండి సిద్ధపడి, బనారసు హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షను వ్రాసి నెగ్గిరి. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరదలచినప్పుడు, అచ్చట స్త్రీలకు వసతిగృహము లేదను నెపమున ప్రవేశమునకు ఆటంకము గలిగెను. దుర్గాబాయిగారు వెనుదిరుగలేదు. చదువదలచిన యువతులు తమకు వ్రాయవలసినదని పత్రికలలో ప్రకటించి, ముందుకు వచ్చినవారిని గూర్చి, వాల్తేరున తామే వసతి నేర్పరచిరి. ఆటంకమును తొలగించుకొనిన విధము గమనింపదగినది: తన యొక్కరికై మినహాయింపు కోరలేదు, పదుగురకు దారి వేసిరి. రాజనీతిశాస్త్రమున ఉన్నత పట్టము పొంది, 1942లో మద్రాసు విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్ర పట్టమును గైకొని, మద్రాసు ఉన్నత న్యాయస్థానమున న్యాయవాదిగా ప్రవేశించిరి. అప్పటికి వారి వయస్సు ముప్పది రెండు దాటెను.

1946లో రాజ్యాంగ నిర్మాణసభకు సభ్యురాలై, బడి మానిన ఆ బాలిక దేశమునకు రాజ్యాంగమును వ్రాయు పెద్దలనడుమ గూర్చుండెను.

ఒకరి యనుభవము పదుగురకు బాట

దుర్గాబాయిగారు తాము చదువుకొనుచున్న కాలముననే, 1937లో, మద్రాసునందు ఆంధ్ర మహిళాసభకు బీజము వేసిరి. తెలుగు యువతులను బనారసు మెట్రిక్యులేషనుకు సిద్ధపరచుట దాని తొలికార్యములలో నొకటి. బాల్యవివాహముచేతనో, వైధవ్యముచేతనో చదువు నిలిచిపోయిన స్త్రీలు అచ్చటికి వచ్చిరి. చిన్నపిల్లలతో గలసి ఆఱవ తరగతి బల్లపై గూర్చుండుటకు సిగ్గుపడు నిరువదియైదేండ్ల స్త్రీకి, తనవంటివారితోనే గలసి చదువు నవకాశము లభించెను.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమమండలి యేర్పడినప్పుడు దుర్గాబాయిగారు దానికి ప్రథమాధ్యక్షులైరి. ఆ యేడే చింతామణి దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయిరి. 1958లో ఆ మండలి వయోజన స్త్రీలకై సంక్షిప్త విద్యాప్రణాళికను దేశమంతట ప్రవేశపెట్టెను. అనేక సంవత్సరములలో చదువవలసిన పాఠములను రెండేండ్లకు కుదించి, స్వచ్ఛంద సంస్థల ద్వారా బోధించి పరీక్షకు పంపుట దాని పద్ధతి. పల్లెలలో గ్రామసేవికలు, ఉపాధ్యాయినులు, దాదులు కావలసియుండిరి. ఆ యుద్యోగములకు కనీసార్హత గల స్త్రీలు దొరకకుండిరి. మఱియొకవైపు పనికై యెదురుచూచు స్త్రీలు ఇండ్లలో నుండిరి. ఈ రెండింటిని గలిపిన వంతెన ఆ ప్రణాళిక. మద్రాసులో ఒక సభలో మొలిచిన మొక్క దేశమంతట నీడనిచ్చు వృక్షమాయెను. దుర్గాబాయిగారు 1981 మే 9వ తేదీన పరమపదించిరి.

తెలంగాణమున మాతృభాషా పరీక్షలు

నిజాము రాజ్యమున తెలుగువారి స్థితి వేరు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధనాభాషగా నుండెను. తెలుగు ఇంటిభాషగా మిగిలినది. ఇట్టి దశలో 1943లో హైదరాబాదున ఆంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడి, ప్రాథమిక, ప్రవేశ, విశారద యను పరీక్షలను నెలకొల్పెను. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, గృహిణులు వీనికి చదివి తమ భాషలో తాము కృతార్థులైరి. ఉద్యోగమున జీతము పెరుగుట కన్న ముందు, తన భాషలో తనకొక యోగ్యత గలదను ధైర్యము వారికి గలిగెను.

ఇట్టిదే దక్షిణభారత హిందీ ప్రచారసభవారి పరీక్షల వలనను, భాషాప్రవీణ మున్నగు పరీక్షల వలనను జరిగినది. బడిపంతుళ్లు పలువురు పని విడువక చదివి భాషాపండితు లయిరి.

ఇంటి ముంగిటికి వచ్చిన విశ్వవిద్యాలయము

స్వాతంత్ర్యానంతరము ఢిల్లీ విశ్వవిద్యాలయమువారు 1962లో పోస్టు ద్వారా పాఠములు బోధించు పద్ధతిని ప్రారంభించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లో ఆ మార్గము నవలంబించెను. నెలనెల తపాలా జవాను తెచ్చు పాఠముల కట్ట అనేక తెలుగు ఇండ్లలో ఆశాదీప మాయెను. కాని ఇందు చేరుటకు వెనుకటి పరీక్ష యుత్తీర్ణమై యుండవలెను. చిన్ననాడే బడి మానినవానికి ద్వారము మూసియే యుండెను.

ఆ ద్వారమును తెరచినది హైదరాబాదు. 1982 ఆగస్టు 26వ తేదీన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. మన దేశమున ఇట్టివానిలో ఇదియే మొదటిది. దీనికి ప్రథమోపాధ్యక్షులు ఆచార్య జి. రాంరెడ్డిగారు. ఇంగ్లండున 1969లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము దీనికి ముందు నడచిన దారి. పూర్వవిద్యకు పత్రము లేనివారును ఒక అర్హతా పరీక్షలో నెగ్గినచో పట్టభద్ర తరగతికి రావచ్చునను నియమము నాడు దీనికి ప్రాణమై యుండెను. సరళమైన తెలుగులో పాఠ్యగ్రంథములు, ఆకాశవాణి ప్రసంగములు, ఊరి కళాశాలలోనే అధ్యయనకేంద్రము, సెలవుదినములలో సందేహనివృత్తి — ఇవి దాని సాధనములు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడగా, దానికిని రాంరెడ్డిగారే ప్రథమోపాధ్యక్షులైరి. తెలుగునాట పరీక్షింపబడిన పద్ధతి దేశమునకు మేలుబంతి యాయెను.

1991లో హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరిడిరి. గుజరాతునందును 1994లో అహమ్మదాబాదున వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు ఆ మహనీయుని పేరే పెట్టబడెను. ఈ నామకరణము సార్థకము. 1913లో బరోడా మహారాజావారి విద్యార్థివేతనముతో అమెరికాకు వెళ్లిన అంబేద్కర్, లండనులో సగమున నిలిచిపోయిన చదువును మఱువలేదు. బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యులుగా పనిచేసి, జీతమున మిగిల్చిన ధనముతో 1920లో తిరిగి లండను వెళ్లి, 1923 నాటికి డి.ఎస్‌సి. పట్టమును సాధించిరి. ఇల్లాలిని, బిడ్డను విడిచి, అర్ధాకలితో చదివిన వారు, ఉద్యోగము చేసి చదువునకు మరలిన ప్రతివానికి నాయకులే గదా!

సూరత్తున తెలుగువారికి ఈ మార్గము

పాఠశాల స్థాయిలోను ఇట్టి యేర్పాటు గలదు. 1979లో కేంద్ర మాధ్యమిక విద్యామండలి ప్రారంభించిన సార్వత్రిక పాఠశాల, 1989లో ప్రత్యేకసంస్థయై, నేడు జాతీయ సార్వత్రిక విద్యాపీఠముగా నున్నది. ఇందు పదవ తరగతి పరీక్షను తెలుగు మాధ్యమమున వ్రాయు వీలు గలదు. విషయములన్నియు ఒకేసారి గెలువవలెనను నిర్బంధము లేదు, ఒక్కొక్కటిగా పూర్తిచేసికొనవచ్చును. రాత్రిపాళీ చేయు కార్మికునకు ఈ సౌలభ్యము చిన్నది కాదు.

సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో బాటు తెలుగు మాధ్యమమునను ప్రాథమిక పాఠశాలలను నడపుచు వచ్చినది. మరమగ్గముల వాడలలోని తెలుగు పిల్లలకు అవి ఆదరువు. కాని ప్రాథమిక విద్య ముగియు వేళకు, పనికి పంపుటయా, చదివించుటయా యను ప్రశ్న తల్లిదండ్రుల నెదుర్కొనును. నాడు పనికి పోయిన పిల్లవాడు మరల చదువదలచినప్పుడు, తన భాషలో పరీక్ష యున్నదని తెలియుటయే వానికి సగము బలము. ఆ వార్త వానికి చేరకున్న, ఎంత చక్కని పథకమైనను గ్రంథస్థమై యుండును.

ప్రభుత్వోద్యోగులకు ఈ విషయము స్వానుభవవేద్యము. 2008లో ఆఱవ వేతనసంఘపు సిఫారసులు అమలులోనికి వచ్చినప్పుడు, నాలుగవ తరగతి యుద్యోగములు మూడవ తరగతిలో విలీనమై, కొత్తగా చేరువారికి మెట్రిక్యులేషనో, దానితో సమానమైన వృత్తిశిక్షణయో కనీసార్హత యాయెను. అప్పటికే పనిలోనున్న మెట్రిక్యులేషను లేనివారికి శిక్షణ యిచ్చి పై శ్రేణిలో చేర్చిరి. బంట్రోతు పనికైనను పదవ తరగతి కావలసిన కాలము వచ్చినది.

పత్రమును, పాండిత్యమును

ఈ చరిత్రలో చేదు లేకపోలేదు. సార్వత్రిక విద్యలో పేరు నమోదు చేయించుకొనినవారందఱును చివరివరకు రారు. పాళీలు మారును, బదిలీలు వచ్చును, ఇంట వ్యాధులు కలుగును. స్త్రీలకు కష్టము రెండింతలు. పురుషుడు పరీక్షకు చదువుచున్నాడన్న ఇంటిల్లిపాదియు మెల్లగా మాటాడుదురు. ఇల్లాలు చదువుచున్నదన్న వంట ఆలస్యమైనదందురు. దుర్గాబాయిగారు స్త్రీలకు ప్రత్యేక తరగతులు పెట్టుటలోని రహస్యము ఇదియే. చదువదలచిన స్త్రీకి పుస్తకముకన్న ముందు కావలసినది రెండు గంటల నిశ్శబ్దము.

మఱియొక చేదు, చదువక పట్టాను కొనగోరువారి వలన గలుగునది. అట్టి పట్టా రాత్రులు మేల్కొని చదివినవాని పట్టాను గూడ అనుమానమునకు గురిచేయును. దొంగనాణెము మంచినాణెమునకు గూడ విలువ తగ్గించును గదా.

కావున పత్రమును పాండిత్యమును ఒకటియని భ్రమపడరాదు. పత్రము నిరర్థకమనియు తలపరాదు. రామమూర్తి పంతులుగారికి పట్టము కళాశాల తలుపు తెరచెను. లోపల వారు చేసిన పని ఏ పట్టమునకును అందనిది. దుర్గాబాయిగారికి పట్టము న్యాయస్థానమున నిలువ హక్కునిచ్చెను. నిలిచి యెవరికొఱకు మాటాడవలెనో చెప్పినది పట్టము కాదు, చెఱసాల.

ఇచ్ఛాపూరు పరిసరములలో రాత్రిపాళీ ముగించి, ఉదయమున బిడ్డలు బడికి పోయిన వెనుక వారి బల్లమీదనే పుస్తకము తెరచు తండ్రియుండవచ్చును. కొడుకు పదవ తరగతి లెక్కలు చేయుచుండ, ప్రక్కన గూర్చుండి తానును అవే లెక్కలు చేయు తల్లి యుండవచ్చును. వారికి సిగ్గు పడవలసిన పని లేదు. వారి ముందు పర్లాకిమిడి యుపాధ్యాయుడు నడచెను, రాజమహేంద్రవరపు ఆడబిడ్డ నడచెను. తెలుగు సంఘములు పండుగలతో, నాటకములతో బాటు, ఇట్టివారికి ఒక గది, ఒక దీపము, పాత పాఠ్యపుస్తకముల బీరువా ఒకటి సమకూర్చగలిగిన, దూరదేశమున నున్న తెలుగువారికి అంతకంటె మేలైన సేవ యుండదు. ఆ గదిలో ఒక్క నలుబదియేండ్ల విద్యార్థి పరీక్ష నెగ్గిన దినము, సంఘమునకు అదియే యుగాది.